సిగ్నలు లేని ఇంటిలో వీడియో కాల్

హైదరాబాదు నుండి బీజాపూరు పోవు రహదారిపై మర్రిచెట్ల నీడలకు పేరుపడిన మొయినాబాద్, చేవెళ్ల ప్రాంతములలో "సిగ్నల్ లేదు, వాట్సాప్‌ల చెయ్యి బిడ్డా" అను మాట నేడు ఎవరికిని వింతగా తోచదు. ఆ మాట పలుకునది వెనుక గదిలో కూర్చున్న తల్లి. వినునది అమెరికాలో ఉద్యోగము చేయు కుమారుడో, కుమార్తెయో. వీసా కోరి 11 ప్రదక్షిణములు, కోరిక తీరిన పిమ్మట 108 ప్రదక్షిణములు చేయుటకు యువజనులు వచ్చు చిలుకూరు బాలాజీ ఆలయము ఈ మొయినాబాద్ మండలములోనిదే. పిల్లలు వెడలిపోయిన ఇండ్లలో ముఖములు చూచుకొను సాధనము చేతిలోని ఫోను. దానిపై సెల్ కంపెనీ గీతలు ఒక్కటియు లేకున్నను, గోడకు తగిలించిన వైఫై పెట్టె వెలుగుచున్నంతవరకు బొమ్మ కనబడును, మాట వినబడును.

"సిగ్నలు లేకుండనే వీడియో కాల్" అని దీనిని అంగళ్లలో చెప్పుదురు, ప్రకటనలలో వ్రాయుదురు. ఈ వాక్యములో సగము నిజము కలదు, సగము పొరపాటు కలదు. పాఠశాలలో తరంగములను గూర్చి బోధించు ఉపాధ్యాయుడు దీనిని ఉన్నదున్నట్లు అంగీకరింపరాదు. పొరపాటు చిన్నదిగానే తోచును. కాని ఇంటిలో పెద్దవారికి గుండెనొప్పి వచ్చిన రాత్రి అది చిన్నది కాదు.

మొదట నిజమైన సగమును చూడవలెను. వైఫై తరంగములును, సెల్ టవరు తరంగములును ఒకే జాతివి. రెండును విద్యుదయస్కాంత తరంగములే. 1895 లో కలకత్తాలో జగదీశ చంద్ర బోసు గంట మ్రోగించి చూపిన మిల్లీమీటరు తరంగములును ఈ కుటుంబములోనివే. వైఫై సాధారణముగా 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యములపై నడచును. వాని తరంగదైర్ఘ్యములు సుమారు పన్నెండున్నర, ఆరు సెంటీమీటర్లు. సెల్ కంపెనీలు వాడు 900, 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగములు సుమారు 33, 17, 13 సెంటీమీటర్ల పొడవు కలవి. కనుక గోడను దాటు శక్తిలో వైఫైకి మహిమ యేమియు లేదు. నిజమునకు పొడవైన 900 మెగాహెర్ట్జ్ తరంగమే గోడను కొంత సులభముగా దాటును. కాంక్రీటు, అందులోని ఇనుప కమ్మీలు, రేకుల కప్పు, వాననీటితో తడిసిన చెట్ల ఆకులు అన్నియు రెండింటిని పీల్చునవో, మరల్చునవో అగును.

మరి వైఫై గెలుచుట ఎట్లు? దగ్గరితనము వలన. తరంగశక్తి దూరముయొక్క వర్గమునకు విలోమానుపాతములో తగ్గునని తొమ్మిది, పది తరగతుల విద్యార్థి ఎరుగును. టవరు 2 కిలోమీటర్ల దూరమున, వైఫై పెట్టె 5 మీటర్ల దూరమున ఉన్నవనుకొన్నచో దూరముల నిష్పత్తి 400. దాని వర్గము 1,60,000. అనగా ఒకే శక్తితో ఫోను పలికిన పలుకు టవరును చేరునప్పటికి, పెట్టెను చేరినదానిలో ఒక లక్షా అరువదివేలవ వంతు మాత్రమే యగును. ఈ లెక్క నడుమ అడ్డు ఏమియు లేనప్పటి మాట. గోడలు, చెట్లు చేరినచో ఇంకను అన్యాయముగా నుండును.

ఇచట ఫోనుపై కనబడు గీతలను గూర్చి ఒక ఆక్షేపణ చెప్పవలసియున్నది. ఆ గీతలు టవరు మాట ఫోనుకు ఎంత గట్టిగా వినబడుచున్నదో మాత్రమే చూపును. ఫోను మాట టవరుకు వినబడుచున్నదా యను ప్రశ్నకు అవి జవాబు చెప్పవు. టవరు పదుల కొలది వాట్లతో అరచును. ఫోను వాటులో అయిదవ వంతు శక్తితో గొణుగును. సినిమా చూచువానికి ఈ తేడా అంతగా తెలియదు. అతడు పుచ్చుకొనుటయే గాని ఇచ్చుట లేదు. వీడియో కాల్‌లో పల్లెలోని తల్లి ముఖము కూడ అంతే వేగముతో పైకి పోవలెను. కనుకనే రెండు గీతలున్న చోట కూడ కుమారుని బొమ్మ స్పష్టముగా కనబడుచుండగా, "అమ్మా, నువ్వు కనబడుత లేవు" అని అతడు అనుట జరుగును. వైఫైలో పెట్టెయు ఫోనును సుమారు సమాన శక్తితోనే మాట్లాడుకొనును. ఇద్దరును వాటులో పదవ వంతు అటునిటు. ఇరువురు గుసగుసలాడుకొనుటకు గది చాలును. సంభాషణకు వైఫై తగియుండుటకు ఇదియే ముఖ్యకారణము. ఈ సంగతిని ప్రకటనలు ఎన్నడును చెప్పలేదు.

ఇక పొరపాటైన సగము. సిగ్నలు లేకుండ కాల్ పోవుట లేదు. ఒక సిగ్నలుకు బదులు మరియొక సిగ్నలు పనిచేయుచున్నది. అదియు ఇంటి గోడలవరకే. ఆ పైన తరంగము ఆకాశమున పోవుట లేదు, గాజుపోగులో వెలుగై పోవుచున్నది. తల్లి ముఖము వెంట కొంతదూరము నడచినచో ఇది తెలియును.

ఫోనులోని కెమెరా 640 నిలువు వరుసలు, 480 అడ్డు వరుసలుగల సాధారణ చిత్రమును తీయుచున్నదనుకొందురు గాక. అందు 3,07,200 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగును చెప్పుటకు 24 బిట్లు, సెకనుకు 30 చిత్రములు. గుణించినచో సెకనుకు 22 కోట్లకు పైబడిన బిట్లు వచ్చును. దీనిని ఉన్నదున్నట్లు పంపుటకు పల్లెలోని కనెక్షనులు చాలవు. అందుచేత ఫోను ఒక పొదుపరితనము చేయును. వెనుకనున్న గోడ, గోడపై తేదీల క్యాలెండరు ఒక చిత్రమునుండి మరియొక చిత్రమునకు మారవు. వానిని మరల మరల పంపనక్కరలేదు. పెదవులు కదలినవి, కన్ను రెప్పవేసినది. ఆ మార్పులు మాత్రమే పంపిన చాలును. కంటికి పట్టని సన్నని రంగుభేదములను కూడ విడిచివేయును. ఇట్లు 22 కోట్లు కాస్తా అయిదు లక్షలకు దిగును. నాలుగువందల వంతులకంటె ఎక్కువ తగ్గింపు. గాలికి ఊగు చెట్టుక్రింద నిలిచి మాట్లాడినచో బొమ్మ చెదరుట ఇందుకే: వెనుక ఆకులన్నియు కదలుచుండుటచే పొదుపు చేయుటకు ఏమియు మిగులదు. చేవెళ్ల పూలతోటలో నిలిచి పంట చూపించువారు ఫోనును వేగముగా త్రిప్పక మెల్లగా త్రిప్పినచో అవతలివారికి పూలు పూలుగా కనబడును.

ఈ బిట్లను ఫోను చిన్న చిన్న పొట్లములుగా కట్టి, ఒక్కొక్కదానిపై చిరునామా వ్రాసి వైఫై పెట్టెకు అందించును. పెట్టె దానిని గాజుపోగులోనికి పరారుణ కాంతిగా పంపును. ఇంటింటికి వచ్చు పోగులో సాధారణముగా పైకి పోవు వెలుగు 1310 నానోమీటర్లది, క్రిందికి వచ్చునది 1490 నానోమీటర్లది. రెండును ఒకే పోగులో ఎదురెదురుగా పోవుచున్నను ఢీకొనవు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ 1954 లో హాప్కిన్సుతో కలిసి గాజుపోగుల కట్టద్వారా చిత్రమును పంపి చూపెను. గాజును తగినంత శుద్ధి చేసినచో వెలుగు ఎంతో దూరము పోగలదని 1966 లో చార్లెస్ కావ్ నిరూపించి 2009 లో నోబెల్ బహుమతి పొందెను. నేటి మేలైన పోగులో వెలుగు సగమై పోవుటకు 15 కిలోమీటర్లు పట్టును. కిటికీ అద్దము అంత మందమున్నచో అటువైపు ఏమియు కనబడదు గదా!

హైదరాబాదు చేరిన పొట్లము ముంబాయి లేక చెన్నై తీరమున సముద్రములోనికి దిగును. అమెరికావరకు దారి పొడవు 20,000 కిలోమీటర్లనుకొన్నను, గాజులో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోవును గనుక, ప్రయాణమునకు సెకనులో పదవ వంతు చాలును. ఒకవైపు ఆలస్యము సెకనులో నూట యాబది వేయవవంతులు దాటనంతవరకు సంభాషణకు ఇబ్బంది యుండదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘము నిర్ణయము. దారిలో పొట్లములు క్యూలలో ఆగునపుడు ఈ హద్దు దాటును. అప్పుడు ఇరువురు ఒకేసారి మాట్లాడుట, ఇరువురు ఒకేసారి ఆగుట మొదలగును. వినయము వలన కాదు, ఆలస్యము వలన.

ఈ కోరిక పాతది. 1936 మార్చిలో బెర్లిను, లైప్‌జిగ్ నగరముల నడుమ ముఖములు చూచుకొను టెలిఫోను సేవ ప్రారంభమైనది. 1964 లో న్యూయార్కు ప్రదర్శనలో అమెరికన్ టెలిఫోను కంపెనీ పిక్చర్‌ఫోనును చూపి, 1970 లో పిట్స్‌బర్గులో అమ్మజూచినది. కొనువారు లేక పోయినది. 2010 లో ఆపిల్ సంస్థ ఫేస్‌టైమును విడుదల చేసినపుడు అది వైఫైపై మాత్రమే పనిచేసెడిది. సెల్ నెట్వర్కుపై అనుమతి 2012 లో వచ్చినది. అనగా ఆ ఫోనులో వైఫైయే వీడియో కాల్‌కు పుట్టినిల్లు. "సిగ్నలు లేకున్నను" అని ఆశ్చర్యపడువారికి చరిత్ర తలక్రిందులుగా తెలిసినదన్నమాట. వాట్సాప్ 2016 నవంబరులో వీడియో కాల్‌ను తెచ్చిన పిమ్మట ఇది పల్లెలకు చేరినది. భారతదేశములో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని 2005 జనవరిలో లైసెన్సు నుండి విడిపించుట కూడ ఇందుకు కారణమైనది; లేకున్నచో ఇంటి గోడకు పెట్టె తగిలించుకొనుటకు ప్రభుత్వపు చీటీ కావలసివచ్చెడిది.

ఇంతవరకు మెచ్చుకొనవలసినదే. విమర్శింపవలసిన దేమనగా, ఒకే పేరుతో రెండు వేర్వేరు వస్తువులు చలామణి యగుచున్నవి. మొదటిది సెల్ కంపెనీలు ఇచ్చు "వైఫై కాలింగ్". ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులోను, జియో 2020 జనవరిలోను దీనిని ప్రారంభించినవి. జియో చిత్రమును కూడ చేర్చినది. ఇందులో ఫోను నంబరు తనదే, బిల్లు తనదే. దారి మాత్రము వైఫై. అవతలివాని యొద్ద ఏ ఫోను ఉన్నను, గోడ ఫోనైనను మ్రోగును. రెండవది వాట్సాప్ వంటి యాప్‌ల కాల్. ఇందులో ఇరువైపుల ఒకే యాప్ ఉండవలెను. టెలిఫోను కంపెనీలు వేరైనను తీగలు కలిసియుండుట నూరేండ్లకు పైబడిన మర్యాద. వీడియో కాల్ ఆ మర్యాదను నేర్చుకొనలేదు. ఒక కంపెనీ తన దుకాణము మూసినచో దానితో ఆ బంధుత్వములన్నియు వేరుచోటికి పోవలసినదే. 2003 లో పుట్టిన స్కైప్ 2025 మే నెలలో మూతపడినపుడు అట్లే జరిగినది. పెద్ద సందేశ సంస్థలు తక్కినవారితో కలుపుకొనవలెనని ఐరోపా సమాఖ్య 2022 లో చట్టము చేసి, కాల్‌లకు నాలుగేండ్ల గడువిచ్చినది. ఆ మాత్రపు ఆలోచనయైన ఈ దేశపు పాఠ్యపుస్తకములలో, పత్రికలలో చర్చకు వచ్చుట అవసరము.

సెల్ కంపెనీ లేకుండ నడచునను మాటయు పూర్తిగా నిజము కాదు. యాప్‌ను మొదట నమోదు చేయునపుడు నంబరును రుజువు చేయు సందేశము రావలెను. వైఫై కాలింగ్ లేని ఫోనుకు అది టవరు మీదనే రావలెను. సిగ్నలు లేని ఇంటివారు ఓ.టి.పి. కొరకు మేడ ఎక్కి చేయి చాచి నిలుచుట చూచువారికి నవ్వు పుట్టించును గాని, మోకాళ్లనొప్పిగల తల్లికి అది నవ్వులాట కాదు. ఇది చాలదన్నట్లు, సందేశ యాప్‌లు నమోదైన సిమ్ ఫోనులో ఉన్నప్పుడు మాత్రమే పనిచేయునట్లు చేయవలెనని కేంద్ర టెలికాం శాఖ 2025 నవంబరు 28 న ఆదేశించినది. మోసగాండ్రను పట్టుట దాని ఉద్దేశము. సిమ్ ఉండుట వేరు, సిగ్నలు ఉండుట వేరు గనుక వైఫైపై వీడియో కాల్ దీనివలన ఆగదు. అయినను, "సెల్ కంపెనీతో పని లేదు" అని నమ్మి సిమ్ తీసివేసి పాత ఫోనును వైఫైతో నడుపుకొనువారు ఈ తేడాను తెలిసికొనవలెను.

అన్నిటికంటె బరువైన ఆక్షేపణ అత్యవసరమును గూర్చినది. 2005 ఆగస్టు 15 న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు నంబరుకు గాని, 112 కు గాని వాట్సాప్ నుండి కాల్ చేయుట సాధ్యము కాదు. ఆ కంపెనీ తన నిబంధనలలోనే ఈ సంగతి చెప్పినది, ఎవరు చదువుదురు? అర్ధరాత్రి తల్లి అమెరికాలోని కుమారుని ముఖమును చూడగలదు, కాని కూతవేటు దూరములోని అంబులెన్సును పిలువలేదు. కుమారుడు అచటినుండి పొరుగింటివానికి ఫోను చేసి, ఆ పొరుగింటివాడు మేడ ఎక్కి 108 కు చెప్పవలెను. సిగ్నలు లేని ఇంటివారికి వైఫై పెట్టెను అమ్మువారు, ఫోను సెట్టింగులలో వైఫై కాలింగ్‌ను తెరచి చూపుట, ఇంటిలో ఏ మూల లేక ఏ కిటికీ వద్ద టవరు అందుచున్నదో కనిపెట్టి చెప్పుట వారి పనిలో భాగము కావలెను. దానికి పది నిముషములకంటె ఎక్కువ పట్టదు.

గాజుపోగు ఎవరి ఇంటికి వచ్చును అను ప్రశ్న వేరుగా నున్నది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయముల రక్షణకై 1996 మార్చిలో వచ్చిన 111 వ నంబరు ఉత్తరువు వలన మొయినాబాద్ గ్రామములు పలువురు అనుకొన్నట్లు నగరములుగా మారలేదు. పొలములు, తోటలు, వాని నడుమ దూరదూరముగా ఇండ్లు మిగిలినవి. ఆ ఉత్తరువును 2022 లో ప్రభుత్వము మార్చినది. దూరదూరపు ఇండ్లకు పోగు లాగుట ప్రైవేటు వ్యాపారికి గిట్టుబాటు కాదు. అందుచేత ప్రభుత్వములు పూనుకొన్నవి. ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభముల మీదుగా పోగును లాగినది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి దానిని ప్రారంభించెను. తెలంగాణ మిషన్ భగీరథ నీటిగొట్టముల కొరకు త్రవ్విన కందకములలోనే పోగుకు గొట్టము వేసినది. ఒకే త్రవ్వకముతో నీరు, వార్త రెండును పోవలెనను ఆలోచన మెచ్చదగినదే. కాని నీరు ముందు వచ్చినది, వార్త చాల వెనుకబడినది: టి-ఫైబర్ కొన్ని గ్రామములలో ప్రయోగముగా ఇండ్లకు చేరినది 2024 డిసెంబరులో. స్తంభముపై వేసినది గాలివానకు తెగును. కందకములోనిది తెగదు గాని ఆలస్యమగును. ఈ ఆలస్యమునకు మూల్యము విద్యార్థులు చెల్లించిరి. 2020 సెప్టెంబరులో పాఠశాలలు మూతపడియుండగా తెలంగాణ పాఠములు దూరదర్శన్ యాదగిరి, టి-శాట్ చానళ్లలో ప్రసారమైనవి. పాఠము ఇంటికి వచ్చినది. విద్యార్థి ప్రశ్న మాత్రము టెలివిజను లోనికి పోలేదు.

ఈ విషయమును బోధింపగోరు ఉపాధ్యాయునికి రెండు ఫోనులు, ఒక వైఫై పెట్టె చాలును. ఒక ఫోనులో విమానపు గుర్తును నొక్కి రేడియోలన్నిటిని ఆర్పవలెను. పిమ్మట వైఫైను మాత్రమే తెరచి, రెండవ ఫోనుకు వీడియో కాల్ చేయవలెను, పోవును. వైఫై కాలింగ్ మూసియుండగా మామూలు కాల్ చేసి చూడవలెను, పోదు. తరువాత వీడియో కాల్ నడచుచుండగా ఫోనును అల్యూమినియం రేకుతో అన్నివైపుల చుట్టవలెను. సందు మిగులకున్నచో మాట తెగిపోవును. "సిగ్నలు లేకుండనే" అను వాక్యమును నల్లబల్లపై వ్రాసి, ఏ సిగ్నలు అని విద్యార్థులను అడుగుటకు అదియే సమయము.

చివరకు పెట్టెకు కరెంటు ఆపి చూడవలెను. సెల్ గీతలు లేని ఇంటిలో కరెంటు పోయిన క్షణమున ఫోను బ్యాటరీ నిండుగా నున్నను అది మూగదగును. పెట్టె సాధారణముగా 12 వోల్టులపై ఒక ఆంపియరు వరకు తీసికొనును, అనగా 12 వాట్లు. 12 వోల్టుల, 7 ఆంపియరు-గంటల చిన్న బ్యాటరీలో 84 వాటు-గంటల శక్తి యుండును. భాగించినచో ఏడు గంటలు. నష్టములు పోను అయిదు గంటలనుకొనవచ్చును. స్తంభముమీద గాజుపోగును పాయలుగా చీల్చు చిన్నపెట్టెకు కరెంటు అవసరము లేదు, అది వట్టి గాజే. కాని ఆ పోగు పుట్టిన కనెక్షనుదారుని గదిలోని యంత్రమునకు అవసరము. అచట బ్యాటరీ ఎన్ని గంటలు నిలుచునో డబ్బు కట్టుటకు ముందే అడిగి వ్రాసికొనుట మంచిది.